ఘంటసాలను మింగిన క్యానన్ పిన్ను

కోటప్పకొండ మీద కాకి వాలదంటారు. మైకుసెట్టు గుయ్యిమనే మోతకు మాత్రం అట్టాంటి శాపం ఏదీ తగిలినట్టు లేదు. శివరాత్రికి 80, 90 అడుగుల విద్యుత్ ప్రభలు వరసగా నిలబడి, ఒక్కోదానికి ఒక జనరేటరూ, ఒక స్టేజీ, ఒక గుట్ట బాక్సులూ ఉన్నచోట పాటకంటే ముందు వచ్చేది ఆ మోతే. పాట అయిపోయాక పోకుండా ఉండేదీ అదే. జనం దాన్ని తిరునాళ్ల సరంజామాలో కలిపేసుకున్నారు: జీళ్లు, రంగులరాట్నం, గుయ్యి.

మా మైకుసెట్టు బాబాయిది ఒకటే సిద్ధాంతం. బెజ్జంలో పడితే అది సరైన పిన్నే. నేను కాలేజీలో ఫిజిక్సు చెబుతానని తెలిసిన నాటి నుంచీ ఎక్కడ గుయ్యిమన్నా నాకు కబురొస్తుంది. పెళ్లిళ్లలో అయితే సరిగ్గా నా విస్తట్లో గోంగూర పడ్డాక గుయ్యిమంటుంది.

మైకు వైరుకు ఉండేది క్యానన్ పిన్ను, మూడు కాళ్లది. ఒకటో కాలు ఎర్తు. రెండో కాలు మీద పాట ఎట్టా నడిస్తే మూడో కాలు మీద దానికి సరిగ్గా తిరగబడి నడుస్తుంది. మిక్సర్ ఈ రెంటి మధ్య తేడాను మాత్రమే తీసుకుంటుంది. దారిలో జనరేటర్ నుంచో, సీరియల్ లైట్ల నుంచో అంటుకున్న మోత రెండు తీగల మీదా ఒకేలా ఎక్కుతుంది కాబట్టి, తేడా తీసేసరికి సున్నా. టెలిఫోను తీగలను జంటగా మెలిపెట్టి పక్క తీగల గోల తగ్గించుకునే ఉపాయానికి గ్రాహంబెల్ 1881లోనే పేటెంట్ తీసుకున్నాడు. కీబోర్డుకూ, సెల్‌ఫోనుకూ, ల్యాప్‌టాప్‌కూ ఈ జంట లేదు. పాటకొక తీగ, మిగిలింది ఎర్తు, అంతే. ఆ ఒంటితీగ మీద మోత ఎక్కితే దించేవాడు లేడు.

అంటే మైకు బెజ్జం స్వభావం ఏమిటయ్యా అంటే, రెండు పక్షాలూ ఒకే మాట మీద ఉంటే దానికి చెవుడు. తేడా వస్తేనే చెవి నిక్కబొడుచుకుని వింటుంది. ఏ దేశంలో తయారైనా సరే, దాని జాతకం మాత్రం పల్నాటిదే.

ఈ సంగతి కారంపూడిలో బయటపడింది. అక్కడ పల్నాటి వీరుల తిరునాళ్ల కార్తీక అమావాస్యకు మొదలై అయిదు రోజులు సాగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. కోడిపోరు నాడు ఒక పందిట్లో ఘంటసాల పాత పాటలు పెట్టమన్నారు. బాబాయి కొత్త వైరు తీశాడు. ఒక చివర ఫోనుకు గుచ్చే ఈపీ స్టీరియో పిన్ను, ఇంకో చివర క్యానన్. రెండూ బెజ్జాల్లో హాయిగా పడ్డాయి. ఫోన్లో పాట నడుస్తోంది, కింద గీత జరుగుతోంది. బాక్సుల్లో మాత్రం చిన్న గరగర తప్ప ఘంటసాల లేడు.

"ఫోన్లో ఉన్నాడు గదరా! బాక్సులోకి వచ్చేలోపు యాడికి పోయాడు?" అన్నాడు బాబాయి.

కొత్త సినిమా పాట పెట్టి చూశాడు. డప్పులొచ్చాయి, కోరస్ వచ్చింది, అసలు పాడేవాడు రాలేదు.

ఆ వైరు ఫోను ఎడమ చానల్‌ను రెండో కాలికీ, కుడి చానల్‌ను మూడో కాలికీ ఇస్తోంది. పాత పాటలు మోనో, ఎడమా కుడీ ఒకటే. తేడా తీస్తే ఏం మిగులుతుంది? ఘంటసాల మొత్తంగా గంగలో కలిశాడు. కొత్త పాటల్లో గొంతును రెండు పక్కలా సమానంగా పెడతారు కాబట్టి ఆ గొంతొక్కటే పోయింది. ఇదంతా నేను వివరిస్తుండగా బాబాయి పిన్నును సగం బయటికి లాగాడు. పందిరి అదిరేట్టు ఘంటసాల వచ్చేశాడు. పిన్ను సగంలో ఉంటే ఆ తీగల లెక్క తారుమారైపోతుంది మరి. "నీ ఫిజిక్సు నువ్వుంచుకో అబ్బాయ్" అని, ఒక కుర్రాణ్ణి ఆ పిన్ను అట్టాగే పట్టుకుని కూర్చోమన్నాడు. వాడు తుమ్మినప్పుడల్లా ఘంటసాల పోయి వచ్చేవాడు.

కృష్ణరాయబారం నాటకంలో ఇంకో ముచ్చట. కీబోర్డును తిన్నగా మైకు బెజ్జంలో గుచ్చారు. మైకు పంపేది కొన్ని మిల్లీవోల్టులు, కీబోర్డు పంపేది దానికి వంద రెట్ల పైమాటే. గొంతు బొంగురుపోయిన కీబోర్డుకు తోడు గుయ్యి తంబురా వేసింది. మన కరెంటు శ్రుతి 50 హెర్ట్జ్, కృష్ణుడు పాపం దానికే ఒదిగి పద్యం ఎత్తుకున్నాడు. అమెరికాలో కరెంటు 60. అక్కడి మనవాళ్ల ఉగాది సభల్లో గుయ్యిమంటే, అది మన గుయ్యికి సరిగ్గా సాధారణ గాంధారం అవుతుందన్నమాట.

ల్యాప్‌టాప్ గుయ్యిమంటే ఛార్జర్ పీకి చూడండి. చాలాసార్లు అక్కడే తెగిపోతుంది, ఎందుకంటే ఎర్తుకు రెండు దార్లుండి మోత వాటి మధ్య గుండ్రంగా తిరుగుతుంటుంది. 48 వోల్టుల ఫాంటమ్ బటన్ జోలికి మాత్రం పోవద్దు. అది కండెన్సర్ మైకులకు మేత, ఫోనుకు కాదు.

అసలు మందు డీఐ బాక్స్. లోపల ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్. ఒంటితీగ పాటను జంటతీగ చేస్తుంది, జోరు తగ్గిస్తుంది, పక్కనున్న గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కితే ఎర్తు రెండో దారి తెంచుతుంది. ఫోన్ల కోసం చేసిన రకమైతే ఎడమనూ కుడినీ లోపలే కలిపేస్తుంది. మామూలు రకానికి కరెంటు కూడా అక్కర్లేదు. ఇదంతా చెప్పి కొనమంటే బాబాయి దాన్ని చెవి దగ్గర ఆడించి చూశాడు.

"లోపలేముంది?"

"రెండు తీగచుట్టలు."

"చుట్టకింత ధరా? పొగాకైతే బస్తా వచ్చిద్ది."

చివరికి కొన్నాడు. నాలుగు కార్యక్రమాలు తిరిగేసరికి దాని మర్మం నాకంటే బాగా పట్టాడు. ఇప్పుడు కమిటీ వాళ్లు కుర్చీల్లో కుదురుకునేదాకా లిఫ్ట్ స్విచ్ ముట్టుకోడు. గుయ్యి బాగా ముదిరి, అధ్యక్షుల వారు చెవులు మూసుకుని "ఏందయ్యా ఈ మోత!" అని లేచాక, మెల్లగా వంగి టిక్కుమనిపిస్తాడు. మర్నాడు బిల్లులో బాక్సుల అద్దె, జనరేటర్ డీజిలు, కుర్రాళ్ల భోజనాల కింద ఇంకో పద్దు ఉంటుంది: మోత తీసినందుకు, అయిదు వందలు.