పన్నుకీ కన్నుకీ ముడి

పై పన్ను పీకిస్తే చూపు పోతుంది. ఎవరు చెప్పారని అడక్కండి, అందరూ చెప్పారు. మేనత్త చెప్పింది, ఎదురింటి రిటైర్డు మాస్టారు చెప్పారు, మందుల షాపు కౌంటరు దగ్గర చిల్లర కోసం నిలబడ్డ ఎవరో పెద్దమనిషి కూడా చెప్పాడు. ఎంబీబీఎస్ చదివిన అల్లుడు కాదనబోతే, "అన్నీ మీ పుస్తకాల్లో రాయరు బాబూ" అని అతనికే పాఠం చెప్పి పంపించారు. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడితే మనం నవ్వుతాం. పన్నుకీ కన్నుకీ పెడితే మాత్రం తలూపుతాం.

ఈ ఇంటి శాస్త్రం ప్రకారం పై దవడలోని ప్రతి పంటి వేరు నుంచీ ఓ నరం బయల్దేరి సరాసరి కనుగుడ్డుకి పోతుంది. స్విచ్చి కట్టేస్తే లైటు ఆరినట్టు పన్ను లాగితే చూపు ఆరుతుంది. కోరపన్నయితే ఏకంగా మెయిన్ స్విచ్చే. అసలు వైరింగు వేరు. మెదడు నుంచి వచ్చే పన్నెండు జతల కపాల నరాల్లో చూపుది రెండో జత, పళ్ళది ఐదోది. ఆ ఐదోదాని రెండో కొమ్మ పై పళ్ళకి, మూడోది కింది పళ్ళకి. రెండో నరానికి పంటి గొడవ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. పై పంటికిచ్చే మత్తుసూది ఎప్పుడో అరుదుగా కంటి కండరాల దాకా పాకి, కాసేపు ఒకటి రెండుగా కనిపించొచ్చు. మత్తు దిగితే అదీ పోతుంది. కానీ ఆ కాసేపటి ముచ్చట ఊళ్ళో పడిందంటే ముప్పై ఏళ్ళు బతుకుతుంది.

సాక్ష్యాలు లేవా అంటే, ఉన్నాయి. నలభై దాటాక చత్వారం వస్తుంది, అరవై దగ్గరపడితే శుక్లాలు. పళ్ళు పుచ్చి, కదిలి, పీకించుకునే ఈడూ అదే. పన్ను తీయించిన ఏడాదికి పేపరు చెయ్యి చాచి చదవాల్సి వచ్చిందంటే నేరం ఎవరిది? పళ్ళ డాక్టరుదే. ముప్పై రెండు పళ్ళూ గట్టిగా ఉండి కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు అదే వీధిలో ఎంతమందో. వాళ్ళని ఎవరూ సాక్ష్యానికి పిలవరు.

రెండో సాక్ష్యం ఇంకా గట్టిది. మన పళ్ళన్నింటిలోకీ పొడవైన వేరు పై కోరపంటిది. దాని కొన దగ్గర చీము పట్టిందంటే వాపు ముక్కు పక్కనుంచి కంటి కిందికి ఎక్కుతుంది, తెల్లారేసరికి కన్ను మూసుకుపోతుంది. చూశారా, సంబంధం ఉందా లేదా? ఉంది మహాప్రభో, ఉంది! అందుకే ఆ పంటిని అలా వదిలేయొద్దంటున్నది. మనవాళ్ళు మాత్రం ఆ వాపు చూసే పళ్ళ డాక్టరు గుమ్మం తొక్కడం మానేస్తారు. పుప్పిలో లవంగనూనె దూది, చెంపకి అమృతాంజనం, షాపువాడిచ్చిన నొప్పి బిళ్ళ, వాడే సొంత తెలివితో జతచేసిన రెండు యాంటీబయాటిక్ గొట్టాలు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి రెండోవైపు నమలడం. నొప్పి తగ్గుతుంది, చీము ఉంటుంది. అది తన దారి తాను చూసుకుంటుంది. ముఖంలోని సిరల వెంట కంటి గూట్లోకో, మెదడు అడుగునున్న కావెర్నస్ సైనస్‌లోకో చేరిందంటే చూపు మాట అటుంచి ప్రాణానికే గ్యారంటీ లేదు. కింది దవడ పన్నయితే వాపు నాలుక కిందికి దిగి ఊపిరి దారినే మూసేయొచ్చు. లుడ్విగ్ అనే జర్మన్ వైద్యుడు 1836లోనే దీన్ని వర్ణించాడు. అంటే, కన్ను పోతుందన్న భయంతో దాచుకున్న పన్నే ఆ కంటికి ఎసరు పెడుతుందన్నమాట.

ఇలాంటి ముడులు మన ఒక్కళ్ళ సొత్తే అనుకుంటే అమెరికా చిన్నబుచ్చుకుంటుంది. ఇవాళ తెలుగువాళ్ళు దండిగా ఉన్న న్యూజెర్సీలోనే, ట్రెంటన్ పిచ్చాసుపత్రికి 1907లో సూపరింటెండెంటు అయిన హెన్రీ కాటన్ అనే డాక్టరు, పిచ్చికి మూలం ఒంట్లో దాగిన చీము అని తేల్చి రోగుల పళ్ళు పీకించడం మొదలెట్టాడు. పిచ్చి తగ్గకపోతే టాన్సిల్స్ తీయించాడు. అప్పటికీ తగ్గకపోతే పెద్దపేగు కోశాడు. ఆ కోతలతో చాలామంది ప్రాణాలే పోయాయి. ముందుజాగ్రత్తగా సొంత కొడుకుల పళ్ళు కూడా పీకించాడు మహానుభావుడు! పీకితే పోతుందని మనం, పీకకపోతే పోతుందని ఆయన. డిగ్రీల తేడా తప్పితే తర్కం ఒకటే.

సరే, లేని చుట్టరికాన్ని ఇంత భక్తిగా కాపాడేవాళ్ళు ఉన్న చుట్టరికాన్ని ఏం చేస్తున్నారు? షుగరు పేషెంటుని చూడండి. కిడ్నీ పరీక్ష, కంటి పరీక్ష, పాదాలకి మెత్తని చెప్పులు, అన్నీ ఉంటాయి. చిగుళ్ళలోంచి రక్తం కారితే మాత్రం "బ్రష్షు గట్టిదిలెండి". చిగుళ్ళ జబ్బు మధుమేహానికి ఆరో ఉపద్రవమని హరాల్డ్ లో అనే దంతవైద్య పండితుడు 1993లోనే రాశాడు. షుగరు పెరిగితే చిగుళ్ళు చెడతాయి, చెడిన చిగుళ్ళతో షుగరు ఓ పట్టాన లొంగదు. చిగుళ్ళకి వైద్యం చేయిస్తే మూడు నాలుగు నెలల్లో షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ సుమారు 0.4 శాతం పాయింట్లు తగ్గుతుందని 2022 నాటి కోక్రేన్ సమీక్ష చెప్పింది. ఆ మేలు కాకరకాయ రసంలో ఉందంటే పొద్దున్నే క్యూ కట్టేవాళ్ళం. గార తీయించుకోమంటే మాత్రం, "తీయిస్తే పళ్ళు వదులవుతాయటండీ!" మళ్ళీ ఆ మేనత్తే.

గుండె సంగతి కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే ఇక్కడ అతిచేసేవాళ్ళు అవతల పక్షంలోనూ ఉన్నారు. పళ్ళు తోమితే గుండెపోటు రాదని ఎవరైనా పేస్టు అమ్మజూపితే నమ్మకండి. రెండు జబ్బులూ కలిసి కనిపిస్తున్నాయి గానీ ఒకదానికి మరొకటి కారణమని రుజువు కాలేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో చెప్పింది. కవాటాల విషయం మాత్రం అలా కాదు. నోటిలోని సూక్ష్మజీవులు రక్తంలో కలిసి, మార్పించుకున్న కవాటం మీద కాపురం పెడితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే అలాంటివాళ్ళకి పన్ను తీసే అరగంట, గంట ముందు సాధారణంగా 2 గ్రాముల అమాక్సిసిలిన్ మింగిస్తారు. మింగించాలంటే కవాటం సంగతి డాక్టరుకి తెలియాలి కదా. కుర్చీలో వెనక్కి వాల్చి, "గుండె ఆపరేషన్లేమైనా అయ్యాయాండీ? రక్తం పలచబడే మాత్రలేమైనా వాడుతున్నారా?" అని అడుగుతారు. చొక్కా లోపల ఛాతీ నిలువునా కుట్ల మచ్చ పెట్టుకుని మన పెద్దమనిషి విసుక్కుంటాడు: "ఒంటి సంగతులన్నీ ఎందుకండీ, నేనొచ్చింది పంటికి."