పురుగుమందు వార్త జోలికి పోకుండా పరువుగా బతకటం ఎలా?

విలేకరికి అన్నిటికన్నా ప్రమాదమైనది పురుగుమందు వార్త. కాళ్లరిగేలా తిరగాలి, ఏళ్ల తరబడి వదలకూడదు, మందుల కంపెనీ ఇచ్చే ఫుల్ పేజీ యాడ్ పోతుంది. కష్టపడి గెలిచారే అనుకోండి, ఊరు ఊరంతా మీ ఇంటికే వస్తుంది. ఇంత బాధ పగవాడికి కూడా వద్దు.

కేరళలోని కాసరగోడ్ చూడండి. అక్కడ ప్రభుత్వ ప్లాంటేషన్ కార్పొరేషన్ వారు జీడిమామిడికి పట్టే టీ దోమను చంపటానికి 1970ల చివరి నుంచి 2000 దాకా ఏటా రెండు మూడుసార్లు హెలికాప్టర్‌తో ఎండోసల్ఫాన్ చల్లారు. తోటలు గుట్టల మీద, ఊళ్లు కింద. మన పత్తి చేలల్లో కొట్టిన మందే అది. ఎవరి పని వాళ్లు చూసుకుంటే ఆ డబ్బాలు ఇప్పటికీ దుకాణాల్లో ఉండేవి. కొందరు ఊరుకోలేక అంతా చెడగొట్టారు. వాళ్లు చేసిన పొరపాట్లు మీరు చేయకుండా ఉండటానికే ఈ చిట్కాలు. వరసగా పాటించండి.

1. మొదటి దూడను వింతగా రాయండి.
1979లో కాసరగోడ్ పల్లెల్లో వంకర కాళ్లతో దూడలు పుట్టాయి. శ్రీపడ్రె అనే రైతు విలేకరి ఆ దూడల కాళ్లను చూసి ఊరుకోక తలెత్తి హెలికాప్టర్‌ను కూడా చూశారు. రెంటికీ ముడి ఉందేమోనని రాశారు. ఇరవై ఏళ్ల తలనొప్పికి అదే మొదలు. మీరు తలెత్తకండి. "వింత దూడ జననం, చూసేందుకు బారులు తీరిన జనం" అని నాలుగు లైన్లు పంపండి. దూడ నుదుట కుంకుమ ఉంటే ఫొటో తప్పక వేస్తారు. బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారన్న వాక్యం ఒకటి చేర్చండి. కారణం వెతికే పని పూర్తిగా తప్పుతుంది.

2. తాగే నీళ్లు ఎక్కడివని అడగకండి.
ఆ ఊళ్లలో గుట్టను అడ్డంగా తొలిచిన సొరంగాల్లోంచి, వాగుల్లోంచి నీళ్లు తెచ్చుకుంటారు. పైన తోట మీద చల్లింది కింద బిందెలోకి దిగటానికి ఎంతో దూరం లేదు. ఒకసారి ఆ దారి వెంట నడిచారా, వార్త మిమ్మల్ని వదలదు. కాబట్టి సీసా నీళ్లు వెంట తీసుకెళ్లండి. కారు దిగకండి. వివరాలన్నీ కార్పొరేషన్ ఆఫీసులోనే దొరుకుతాయి. అక్కడ ఫ్యాన్ ఉంటుంది, టీ ఇస్తారు, ప్రెస్‌నోట్ టైపు చేసి ఇస్తారు.

3. ఒక ఇంటిని ఒక్క ఇల్లుగానే చూడండి.
అక్కడి పడ్రె అనే ఊళ్లో వైద్యం చేసే డాక్టర్ వై.ఎస్. మోహన కుమార్ ఒక అనవసరపు పని చేశారు. మూర్ఛ, మతి చలించటం, కేన్సర్, అవకరంతో పుట్టిన బిడ్డలు ఏ ఇంట ఉన్నారో గమనించి, అవన్నీ ఒక్కచోటే ఎందుకు గుమిగూడాయని అడిగారు. అప్పటిదాకా జనం దేవుడి శాపమని సరిపెట్టుకున్నారు, ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. ఒక ఇంట్లో జబ్బు ఉంటే అది తలరాత. వరసగా పది ఇళ్లలో ఉంటే అది వార్త. అందుకే ఆరునెలలకు ఒక ఇంటికి మించి వెళ్లకండి. ఆ ఇంట్లో కూడా ముందు "మేనరికమా?" అని అడగండి. అవునంటే నోటుబుక్కు మూసేయండి. కాదంటే, తాతల కాలంలో ఏమైనా ఉందేమో అడగండి.

4. పరీక్షలకు పంపకండి.
2001లో 'డౌన్ టు ఎర్త్' పత్రిక వాళ్లు మాటలతో తృప్తి పడలేదు. ఆ పత్రికకు అండగా ఉన్న సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ ల్యాబ్ పడ్రె నుంచి వచ్చిన నమూనాలు పరీక్షించింది. రక్తంలో, తల్లిపాలలో, నీళ్లలో ఎండోసల్ఫాన్ బయటపడింది. ఆ తర్వాత కాదనటం పెద్ద పెద్దవాళ్లకే కష్టమైంది. ఇంత ఇరకాటం ఎందుకు? "గ్రామస్తులు ఆరోపిస్తున్నారు" అంటే చాలు. ఆరోపణకు సీసా అక్కర్లేదు, ఐస్ పెట్టె అక్కర్లేదు, ల్యాబ్ బిల్లు అసలే అక్కర్లేదు. అందరూ దాన్ని చదువుతారు, ఎవరూ నమ్మరు.

5. రెండు నివేదికలు వస్తే రెండూ సమానమేనని రాయండి.
కార్పొరేషన్ పురమాయించిన సంస్థ ఏమీ లేదంది. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ మాత్రం పడ్రె వైపు 117 మంది మగపిల్లలను, అక్కడికి 20 కిలోమీటర్ల దూరంలో మందు చల్లని ఊరి పిల్లలు 90 మందిని పరీక్షించి పోల్చింది. మందు పడిన ఊరి పిల్లల రక్తంలో ఎండోసల్ఫాన్ ఎక్కువ ఉందని, వాళ్లకు యుక్తవయసు రావటం ఆలస్యమైందని తేల్చింది. ఏ పరీక్షకు ఎవరు డబ్బు కట్టారో, ఎవరు ఎవరితో పోల్చారో విడమరిస్తే పాఠకుడికి అర్థమైపోతుంది. అది జరగనివ్వకండి. "శాస్త్రవేత్తల్లో భిన్నాభిప్రాయాలు" అని శీర్షిక పెట్టండి. పాము చావదు, కర్ర విరగదు.

6. కమిటీలను నమ్ముకోండి.
కమిటీ అంటే విలేకరికి ఏడాది పొడవునా పంట. వేస్తారని ఒక వార్త, వేశారని ఒకటి, గడువు పెంచారని మరొకటి. కాసరగోడ్‌కు కూడా ఇలాంటి కమిటీలు చాలానే వచ్చాయి. సభ్యులు గెస్ట్‌హౌస్‌లో దిగిన ఫొటో తీసుకోండి. వాళ్లు ఊళ్లోకి వెళ్లారో లేదో మాత్రం అడగకండి. అడిగితే వచ్చేసారి కారులో చోటివ్వరు.

7. తేదీలు రాసి పెట్టుకోకండి.
లీలాకుమారి అమ్మ అనే వ్యవసాయ శాఖ ఉద్యోగిని కోర్టుకెక్కారు. 1998లో హోస్‌దుర్గ్ మున్సిఫ్ కోర్టు హెలికాప్టర్‌తో మందు చల్లటాన్ని తాత్కాలికంగా ఆపింది. ఇలాంటివాళ్లు రేపు మీ గుమ్మం కూడా ఎక్కుతారు. ఏ రోజు చల్లారు, గాలి ఎటు వీచింది, బావులకు మూతలు వేశారా, డబ్బా మీద విషపు గుర్తు ఎరుపా పసుపా అని అడుగుతారు. మీ దగ్గర రాసి ఉంటే అది సాక్ష్యమవుతుంది. రాసి లేకపోతే మీరు తటస్థులు. డబ్బా ఫొటో పొరపాటున తీసినా, కొత్త సంవత్సరం శుభాకాంక్షలు దించుకోవటానికి ఫోన్‌లో చోటు చాలటం లేదని చెరిపేయండి.

8. నిషేధం రోజున ఫైలు మూసేయండి.
2011 ఏప్రిల్‌లో మొండి విషరసాయనాలపై స్టాక్‌హోమ్ ఒప్పందం చేసుకున్న దేశాలు ఎండోసల్ఫాన్‌ను నిషేధిత జాబితాలో చేర్చాయి. మే 13న సుప్రీంకోర్టు ఇక్కడ ఆపింది. మిఠాయి పంచుతున్న ఫొటో వేసి చేతులు కడుక్కోవలసిన రోజు అదే. కొందరు అక్కడితో ఆగక, మంచం దిగలేని పిల్లల ఇళ్లకు మళ్లీ మళ్లీ వెళ్లారు. బాధితులకు మూడు నెలల్లో 5 లక్షల రూపాయల చొప్పున ఇవ్వండని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది 2017 జనవరిలో, అంటే నిషేధం వచ్చి అయిదేళ్లు దాటాక. ఆ మూడు నెలలు ఎప్పుడు పూర్తయ్యాయో లెక్క చూసే పని మీరు పెట్టుకోకండి. ఆ పిల్లల తల్లి ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానని చెప్పండి.

9. ఘనత మాత్రం వదులుకోకండి.
అంతా అయిపోయాక సన్మాన సభ జరుగుతుంది. ముందు వరసలో కూర్చోండి. పాత ఫైలు దించి దుమ్ము దులపండి. మొదటి చిట్కా ప్రకారం మీరు రాసిన వింత దూడ వార్త అందులో ఉంటుంది, మీ పేరుతో, తేదీతో సహా. దాన్ని లామినేషన్ చేయించి పైకెత్తి పట్టుకోండి. "అందరికన్నా ముందు వెలుగులోకి తెచ్చింది నేనే" అని గట్టిగా చెప్పండి. ఫొటోలో దూడ కాళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. కింద రాసిన నాలుగు లైన్లను మాత్రం బొటనవేలితో కప్పి ఉంచండి.