ముంగిలి మేస్త్రి

మా మేనల్లుడు అండమాన్‌లోని బతు బస్తీలో ఇంట్లోనే కూర్చుని ఉద్యోగం చేస్తాడు. ఉద్యోగం పేరు ఫ్రంట్ ఎండ్ డెవలపర్. అదేమిటో వాళ్ల నానమ్మకు అర్థమయ్యేలా చెప్పడం ఇంటిల్లిపాదికీ పెద్ద పరీక్షే అయింది. ఆవిడ శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఈ దీవుల్లో సంసారం నిలబెట్టిన మనిషి.

"వెబ్‌సైట్‌కి ముందుభాగం కడతాడమ్మా" అన్నాను.

"మరి ఎనక భాగం ఎవులు కడతారు?"

"దానికి ఇంకొకడు ఉంటాడు."

"అయితే సగం ఇల్లే కడతాడేటి? జీతమూ సగమేనా?"

ఆవిడకు కంప్యూటర్ తెలియదు గానీ కంపెనీల మనసు బాగా తెలిసినట్టుంది. వెనకభాగం వాడు డేటాబేస్‌లో ఏం చేస్తున్నాడో ఎవరికీ కనబడదు కాబట్టి వాడంటే గౌరవం. ముందుభాగం అందరికీ కనబడుతుంది కాబట్టి దానికి అందరూ మేస్త్రీలే. పెరట్లో బావి ఎంత లోతుందని ఎవరూ అడగరు. ముంగిట్లో ముగ్గుకు మాత్రం దారిన పోయేవాడు కూడా వంక పెడతాడు.

వాడి దినచర్య చూడండి. ఇక్కడ గడియారం ఢిల్లీది, సూర్యుడు మాత్రం మా ఊరివాడే. డిసెంబరులో ఐదు దాటీ దాటగానే చీకటి. బెంగళూరు మేనేజరు "సాయంత్రం చిన్న మీటింగ్" అని ఆరున్నరకు పిలుస్తాడు. అప్పటికి మా వీధి భోజనాల ఏర్పాట్లలో ఉంటుంది. మొన్నటి మీటింగ్ గంటంబావు నడిచింది. ఎజెండా ఒకే బటన్. "ఈ నీలం ఇంకాస్త నమ్మకంగా ఉండాలి" అన్నారట కస్టమరు. దీవి చుట్టూ ఉన్న సముద్రం పూటకో నీలం చూపిస్తుంది. అందులో నమ్మదగిన నీలం ఏదో మా చేపల వేటగాళ్లకే ఇంకా తేలలేదు.

నీలం కుదిరాక తెలుగు వచ్చింది. డిజైనరు బొమ్మంతా ఇంగ్లీషు అక్షరాలు పెట్టి గీశాడు. అందులో తెలుగు పోస్తే బటన్ కింద ఒత్తులన్నీ తెగిపోయాయి. "రద్దు" కాస్తా "రదు" అయింది. పెట్టె ఎత్తు పెంచాలని వీడు మొరపెట్టుకుంటే, "ఆ కింది ముక్క తీసేస్తే నష్టమేమిటి?" అన్నాడట డిజైనరు. మన ఒత్తులతో ఆటలొద్దని ఆయనకు తెలిసినట్టు లేదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో వచ్చేసరికి ఐఫోన్లలో యాప్‌లే కుప్పకూలాయి. ఆపిల్ హడావిడిగా కొత్త వెర్షన్ విడుదల చేసి పరువు కాపాడుకుంది. లక్షల కోట్ల కంపెనీకే మింగుడుపడని జ్ఞానం మనది.

తర్వాత పేర్ల గొడవ. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌ను శ్రీ విజయపురం చేస్తున్నట్టు కేంద్రం ప్రకటించింది. మనకు అది చరిత్ర. మా వాడికి మాత్రం ఇంగ్లీషులో ఖాళీతో కలిపి 10 అక్షరాల పేరు 16 అయింది. మొబైల్ తెర మీద గడి పగిలి, ఊరి చివరి ముక్క "ఛార్జీ" అన్న గడిలోకి కాలుజాపింది. ఇదే నయం. 2018 డిసెంబరు 30న రాస్ ఐలాండ్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది. అంటే 11 అక్షరాలు ముప్పై దాటాయి. నేతాజీకి ఎంత గడి ఇచ్చినా చాలదు, ఒప్పుకోవలసిందే.

అదే రోజు చెన్నై నుంచి సముద్రం అడుగున వచ్చే ఇంటర్నెట్ కేబుల్‌కు శంకుస్థాపన కూడా జరిగింది. పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, ఖర్చు దాదాపు 1,224 కోట్లు. 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. అంతకుముందు మాకు ఉపగ్రహమే గతి. పేజీ తెరవమని నొక్కి, టీ పెట్టుకుని, తాగి వచ్చి చూసేవాళ్లం. అప్పట్లో పేజీకి ఒక్క బొమ్మ ఎక్కువైనా తిట్టుకునేవాళ్లం. ఇప్పుడు దారి వెడల్పయింది గదా అని పేజీలు ఒళ్లు చేశాయి.

ఒళ్లు ఎందుకు చేశాయంటే, కథ పాతదే. 1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాష తొలి రూపం తయారుచేశాడు. పది రోజుల బిడ్డను ముప్పై ఏళ్లుగా లోకమంతా సాకుతోంది. దాని మీద పనిముట్లు వరుసకట్టాయి: 2006లో జేక్వెరీ, 2010లో యాంగ్యులర్, 2013లో రియాక్ట్, 2014లో వ్యూ. ఒక్కొక్కటీ వచ్చినప్పుడల్లా మా వాడు పాతది మరిచిపోయి కొత్తదానికి అక్షరాభ్యాసం చేసుకున్నాడు. పైగా అన్నీ అరువు సరుకే. 2016 మార్చిలో ఒకాయన అలిగి లెఫ్ట్‌ప్యాడ్ అనే తన 11 వరుసల కోడ్‌ను వెనక్కి తీసుకున్నాడు. అది చేసే పనల్లా మాటకు ఎడమపక్కన ఖాళీలు చేర్చడం. ఆ ఖాళీ లేక ప్రపంచంలో వేల ప్రాజెక్టులు ఆగిపోయాయి. పక్కింటి చేటతో బియ్యం చెరుగుకునేవాడికి చేట వెనక్కడిగిన నాడు తెలుస్తుంది.

ఇంత సరంజామా మోసుకొచ్చి మా వాడు కట్టింది ఏమిటయ్యా అంటే, పేరు, ఫోన్ నంబరు, ఊరు, ఛార్జీ, "రద్దు" బటన్ ఉన్న ఒక్క పేజీ. బెంగళూరు ఆఫీసు వైఫైలో చిటికెలో తెరుచుకుందని అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ల నానమ్మ తన పాత ఫోన్‌లో నొక్కింది. గుండ్రటి చక్రం తిరిగింది, తిరిగింది. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

"ముగ్గు బాగానే ఉందిరా. గుమ్మమేదీ?" అంది.

వెబ్‌సైట్లు కట్టించే పెద్దలకు నాదొక్క విన్నపం. ఆఖరి పరీక్ష ఆఫీసులో పెట్టకండి. ఓడ టికెట్టు వరుసలో నిలబడ్డ మనిషి చేతికి పాత ఫోన్ ఇచ్చి పెట్టండి. తలుపు తెరుచుకున్నాక నీలం సంగతి తీరిగ్గా మాట్లాడుకుందాం.