గేటు దగ్గర ఎవరో చూడండి

కంట్రోల్ సీ నొక్కితే ప్రోగ్రాము ఆగాలి. ఇది ఒక్కోసారి ఆగదు. అలాగని నడవనూ నడవదు. మైలవరంలో ఇంట్లో కూర్చుని హైదరాబాదు ఉద్యోగం వెలగబెడుతున్న నాకు కొన్నాళ్లుగా ఇదే జాతకం. బోలెడు థ్రెడ్లున్న ఈ సీ ప్రోగ్రామును రాసిన మహానుభావుడు ఉద్యోగం మారాడు, దేశం మారాడు, ఫోన్ నంబరు కూడా మార్చేశాడు. పోతూ పోతూ, కంట్రోల్ సీ నొక్కితే వచ్చే సిగ్నలును అందుకునే సిగ్‌ఇంట్ హ్యాండ్లర్‌లో మాలాక్, ఫ్రీ, ప్రింట్‌ఎఫ్ మూడూ కూరి పోయాడు. చాలాసార్లు బాగానే సెలవు తీసుకుంటుంది. పైవాళ్లకు చూపించేటప్పుడు మాత్రం నోరు తెరిచి బిగుసుకుపోతుంది.

ఎందుకో చెప్పాలంటే ఆవకాయ దగ్గర మొదలెట్టాలి.

నూజివీడు పక్కన పుట్టినవాడికి చిన్న రసం తినడానికి, జలాలు ఆవకాయకు అని ఎవరూ నేర్పక్కర్లేదు. కాయ కడిగి, తుడిచి, టెంకతో సహా ముక్కలు కొట్టాలి. జీడి తీయాలి, లోపలి పొర గీకాలి, మళ్లీ పొడిగుడ్డతో తుడవాలి. తడి తగిలిందా, ఏడాది తిండి బూజు. ఆవపిండి ముందా, ఉప్పు ముందా అన్నదాని మీద మా ఇంట్లో రెండు వర్గాలున్నాయి. ప్రతి వేసవిలో చర్చలు జరుగుతాయి, ఒప్పందం మాత్రం కుదరదు. చివరికి ఒకరు మోచేతుల దాకా బేసిన్‌లో చేతులు పెట్టి కలుపుతుంటారు. సరిగ్గా అప్పుడే గేటు చప్పుడు. "ఎవరండీ ఇంట్లో?"

వచ్చినావిడ ఫలానా వాళ్లు కావాలని అడగలేదు. ప్రోగ్రాము మొత్తానికి వచ్చే సిగ్నలూ అంతే. వద్దనని థ్రెడ్లలో ఏదో ఒకదాని నెత్తిన పడుతుంది; దేని మీదో పోసిక్స్ ప్రమాణం చెప్పదు. మన ఖర్మకొద్దీ కారం చేతులవాళ్లే లేచారు. ఆవిడేమో "ఆ బేసిన్‌లోంచే కాస్త పెట్టండి" అంటుంది. కలపడం పూర్తయితే గానీ బేసిన్ వదలరు. ఆవిడను పంపితే గానీ కలపడం పూర్తి కాదు. పెడితే గానీ ఆవిడ కదలదు. మాలాక్ తాళం పట్టుకున్న థ్రెడ్డును ఆపి, హ్యాండ్లర్‌లో మళ్లీ మాలాక్ అడిగితే జరిగేది ఇదే.

హ్యాండ్లర్‌లో ఏవి పిలవచ్చో లినక్స్ మాన్యువల్ ఏడో సెక్షన్‌లో 'సిగ్నల్ సేఫ్టీ' పేజీ జాబితా ఇచ్చింది. రైట్ ఉంది, ప్రింట్‌ఎఫ్ లేదు. అయినా ల్యాబ్ రికార్డుల్లో సిగ్నళ్ల తొలి ఉదాహరణ హ్యాండ్లర్‌లో ప్రింట్‌ఎఫే! పిల్లలు దాన్ని అందంగా మార్జిన్లు కొట్టి రాసుకుంటారు, పది మార్కులు తెచ్చుకుంటారు, ఆ తర్వాత నాకు కోడ్ రాసిపెట్టిపోతారు. పోసిక్స్ థ్రెడ్ల ప్రమాణం 1995 నాటిది. లినక్స్‌కు అది ఒంటబట్టడానికి 2003 డిసెంబరులో 2.6 కెర్నెల్ రావలసి వచ్చింది. రికార్డులకు ఇంకా ఒంటబట్టలేదు.

మందు చిన్నదే. థ్రెడ్లను పుట్టించకముందే మెయిన్‌లో పీథ్రెడ్ సిగ్‌మాస్క్‌తో ఆ సిగ్నళ్లను ఆపేయాలి. తర్వాత పుట్టే ప్రతి థ్రెడ్డుకూ ఆ మాస్కు వారసత్వంగా వస్తుంది. ఒక్క థ్రెడ్డు మాత్రం సిగ్‌వెయిట్‌లో కూర్చుని వచ్చినవి అందుకుంటుంది. అది హ్యాండ్లర్ కాదు కాబట్టి మాలాక్, ప్రింట్‌ఎఫ్ దాని ఇష్టం. సిగ్‌కిల్‌ను మాత్రం ఎవరూ ఆపలేరు.

ఇదంతా సరిచేస్తుండగా గేటు మోగింది. "ఒరే, ఎవరో చూడరా" అని వంటింట్లోంచి అమ్మ. "మీటింగులో ఉన్నానమ్మా" అన్నాను. నాన్న పేపరు తిప్పారు. ఆ మాస్కు ఆయన నేను పుట్టకముందే వేసుకున్నారు. నాకు అడక్కుండానే వచ్చింది. గేటు, ఫోను, గ్యాస్ బండ, చుట్టాలు, అన్నీ ఇన్నేళ్లుగా ఒక్క మనిషికే. అయితే సిగ్నళ్లు అందుకునే థ్రెడ్డుకు వేరే పని పెట్టకూడదంటారు తెలిసినవాళ్లు. మా ఇంట్లో ఆ ఒక్క నియమమే పాటించలేదు. గేటూ ఆమెదే, ఆవకాయా ఆమెదే.