47 కిలో ఓమ్‌లు ఎవరడిగారండీ?

మేడ్చల్‌లో విల్లానో, శామీర్‌పేటలో ఫామ్‌హౌసో కొన్నాక హాల్లో రికార్డు ప్లేయర్ లేకపోతే దావత్‌కి పిలిచి ఏం లాభం? అది వినడానికి కాదు, బావగారికి చూపించడానికి. చిక్కేమిటంటే ఏదో ఒక ఆదివారం ఆయన సోఫాలో కాలు మీద కాలేసుకుని "ఏదీ, ఒక పాట వెయ్యవోయ్" అంటారు. ఆ పూట పాట చెడినా ఫర్వాలేదు, పరువు చెడకూడదు. ఇలా చేయండి.

1. డబ్బాలో వచ్చిన కాగితం చదవకండి. ఆడియో టెక్నికా వీఎం95ఈ కార్ట్రిజ్ అయితే అందులో లోడు 47 కిలో ఓమ్‌లు, కెపాసిటెన్స్ 100 నుంచి 200 పికోఫారడ్‌లు అని ఉంటుంది. టోన్‌ఆర్మ్ తీగ, కేబుల్, ప్రీయాంప్ ఇన్‌పుట్, ఈ మూడింటి కెపాసిటెన్స్ కలిపితే ఆ 200 దాటకూడదని దాని భావం. సెలవు రోజున కూడికలా? కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఊగుతున్న స్పీకర్ స్టాండు కింద దూర్చండి. దానివల్ల ఒక్క ఉపయోగమైనా ఉండాలి కదా.

2. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి అయిదు మీటర్ల కేబుల్ తెచ్చి, ప్రీయాంప్‌ను సోఫా పక్కన పెట్టుకోండి. లేవకుండా బటన్ నొక్కొచ్చు. మామూలు కేబుల్‌లో మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌లు ఉంటాయి కాబట్టి 200 ఉన్నది 700 అవుతుంది. కార్ట్రిజ్ కాయిల్ 500 మిల్లీహెన్రీలనుకుంటే, 16 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే బావగారి చెవికి అందని చోట, ఉండాల్సిన ట్రెబుల్ ఉబ్బు 8.5కి దిగొస్తుంది. శంకరాభరణం (1980) రికార్డు వేస్తే వాణీ జయరాం గారి సకారాలు బుసకొడతాయి, ఆపై ఉండాల్సిన తాళాల మెరుపు మాయమవుతుంది. బావగారు మొహం చిట్లించేలోపే "ఇదేనండీ వినైల్ వెచ్చదనం" అనేయండి. ఆ మాటకు ఎదురు చెప్పగలిగినవాళ్లు మన చుట్టాల్లో లేరు.

3. నీలం లైటు వెలిగే ప్రీయాంప్ ఇంకొకటి కొని, వై కనెక్టర్‌తో రెండింటినీ ఒకే కార్ట్రిజ్‌కు తగిలించండి. రెండు 47లు పక్కపక్కన చేరితే 23.5 అవుతాయి. ట్రెబుల్ చచ్చిపోతుంది గానీ షెల్ఫ్ నిండుగా ఉంటుంది.

4. డబ్బు మరీ ఎక్కువైతే మూవింగ్ కాయిల్‌కు ఎక్కండి. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం 1960లలో పుట్టిన డెనాన్ డీఎల్-103 మంచిది, చరిత్ర చెప్పుకోవచ్చు. అది ఇచ్చేది 0.3 మిల్లీవోల్ట్. మీ పాత కార్ట్రిజ్ ఇచ్చే 4లో పదో వంతు కూడా కాదు. దానికి ఓ 60 డెసిబెల్ గెయిన్, 100 ఓమ్‌ల లోడు కావాలి. ఇవన్నీ ప్రీయాంప్ వెనకున్న బుల్లి స్విచ్‌తో అయిపోతాయి, కానీ వెనక్కంటే వంగాలి. నడుము ఒకటే ఉంది. స్విచ్ ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) మీదే ఉండనిచ్చి వాల్యూమ్ ఆఖరుకంటా తిప్పండి. పాట గొణుగుతుంది, కరెంటు 50 హెర్ట్జ్ హమ్ గొంతెత్తుతుంది. అప్పుడు 1974లో ఘంటసాల కన్నుమూశాక విడుదలైన ఆయన భగవద్గీత వేయండి. బావగారు ఆ హమ్‌ను తంబురా అనుకుని చేతులు జోడిస్తారు. ఎర్త్ తీగ మాత్రం కలపకండి, తంబురా ఆగిపోతుంది.

5. తాతగారి కాలం నాటి ప్లేయర్ అటక మీద ఉంటే దించండి. అందులోది సిరామిక్ కార్ట్రిజ్ అయితే మరీ మేలు. దానికి మెగాఓమ్ దాకా లోడు కావాలి. మీ యాంప్ ఆక్స్ ఇన్‌పుట్‌లో ఉండేది పదుల కిలో ఓమ్‌లే, అక్కడే దూర్చండి. మృదంగం పోయి జాలర మిగులుతుంది. "ఆ రోజుల్లో కచేరీలు ఇలాగే ఉండేవి" అనండి. తాతగారు వచ్చి కాదనరు.

6. నెపాలు ముందే సిద్ధం చేసుకోండి. అసలు పనంతా ఇక్కడే. మేడ్చల్ వాళ్లకు 44వ జాతీయ రహదారి లారీలున్నాయి. శామీర్‌పేట వాళ్లు రాజీవ్ రహదారి మీదికి తోయండి, లేదా చెరువు మీంచి వచ్చే తేమ మీదికి. హకీంపేట, దుండిగల్ విమానాలు ఇద్దరికీ పనికొస్తాయి. కరెంటోళ్లను తిట్టడం ఎప్పుడూ చెల్లుతుంది. ఒకే నెపం వరసగా రెండుసార్లు వాడకండి. బావగారు పాట మర్చిపోతారు గానీ సాకు మర్చిపోరు.

7. బిట్స్‌లో ఎలక్ట్రానిక్స్ చదివే మేనల్లుడు వస్తే ప్లేయర్ గదికి తాళం వేయండి. వాడు పావుగంటలో పొట్టి కేబుల్ వేసి, లోడు సరిచేసి, ఎర్త్ కలిపేస్తాడు. పాట బాగుందంటే బావగారు ప్రతి ఆదివారం తన రికార్డుల సంచీతో దిగుతారు. మటన్ ఎవరు వండుతారు?

8. ఇవేవీ చేతకాకపోతే షెల్ఫ్ వెనక బ్లూటూత్ స్పీకర్ పెట్టండి. పళ్లెం మీద రికార్డు తిరుగుతుండాలి, పాట జేబులో ఫోన్లోంచి రావాలి. చరణం మధ్యలో యాప్ ప్రకటన దూరితే కంగారు పడకండి. "అప్పట్లో రికార్డుల మీద కూడా ప్రకటనలు అచ్చేసేవాళ్లు బావగారూ" అని, కాఫీ తెస్తానంటూ లేవండి.