అవగాహన లోపం

వానలు పడ్డాయి, గెడ్డలు పొంగాయి. ఏజెన్సీలో అవగాహన సదస్సుల సీజను మొదలైంది.

వేదిక మీద సార్లు, వాళ్ల ముందు సీలు తీయని నీళ్ల సీసాలు. కింద చంకన పిల్లలతో తల్లులు. "నీళ్లు కాచి చల్లార్చి తాగాలమ్మా!" ఏ నీళ్లు? కొండ దిగువ ఊటనీళ్లు. పశువులు తాగేదీ అక్కడే, వానకి కొండమీది మురికి దిగేదీ అక్కడికే. ఆషాఢంలో తడికట్టెలతో బిందెడు నీళ్లు మరగడానికి ఎంతసేపు పడుతుందో సారుకి తెలియదు. అది మాత్రం అవగాహన లోపం కాదు, హోదా.

విరేచనాలతో పిల్ల పోతే విచారణకొస్తారు. ముద్దాయి సిద్ధంగా ఉంటుంది: తల్లి. పిల్లకి రెండేళ్లు నిండలేదు, తూకం తక్కువ. బక్కపిల్లకి ఒంట్లో నిల్వ ఉండదు. ఒక్కరోజుకే కళ్లు గుంటలు పడతాయి, ఏడ్చినా కన్నీళ్లు రావు. పాలూ నీళ్లూ ఆపేసే పథ్యం కూడా పిల్లల్ని చంపుతుంది, ఒప్పుకుంటాను. కాని తూకం ఎందుకు తగ్గిందని తల్లిని తప్ప ఇంకెవర్నీ అడగరేం?

1971లో బెంగాల్ సరిహద్దున బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా పట్టుకుంది. సెలైన్ చాలక డాక్టర్ దిలీప్ మహాలనబీస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లు డ్రముల్లో పెట్టి, రోగుల బంధువుల చేతనే తాగించాడు. నూటికి ముప్ఫై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి దిగాయి. పాపం, ఆయనకి ఫ్లెక్సీ కట్టించాలన్న అవగాహన లేదు.

అరకు కాఫీ 2017లో పారిస్‌లో దుకాణం తెరిచింది. గింజ అంతదూరం దిగిపోయిన కొండమీదికి, వాన పడ్డ రోజున అదే ఉప్పూ గ్లూకోజుల ఓఆర్‌ఎస్ పొట్లం ఎక్కలేదంటే పొట్లానికీ అవగాహన లోపమే అయ్యుండాలి. జింకు బిళ్ల సంగతి సరేసరి; విరేచనాలు కట్టినా పద్నాలుగు రోజులు వేయాలట, అన్నాళ్లు కొండెక్కేదెవరు?

ఇంటింటికీ కుళాయి అని 2019లో ఎర్రకోట మీంచి చెప్పారు. గడువు 2024. తర్వాత 2028కి జరిపారు. పైపులకి నాలుగేళ్లు దొరికాయి. డోలీలో ఆసుపత్రికి మోసుకెళ్తున్న పిల్లకి నాలుగు గంటలు దొరకవు.

సదస్సు అయిపోయింది. జీపులు కదిలాయో లేదో, పిల్లలు వేదిక మీదికి ఎగబడ్డారు. మూత ఉన్న సీసాలకి గిరాకీ ఎక్కువ. గెడ్డలో ముంచి తెచ్చుకుంటే దారిలో ఒలకవు.