లాన్ వేసేవాడికి కరపత్రం చాలదా?

గడ్డి కోసేవాడికి దుబాయ్ నుంచి లైకు వస్తే ఏం లాభం? మా వాడికి ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. ఫోన్లో వీడియో పెడతాడు, పొద్దున లేవగానే ఎంతమంది చూశారో లెక్కపెడతాడు. అందులో డల్లాస్ వాళ్లుంటారు, దుబాయ్ వాళ్లుంటారు. వనస్థలిపురంలో ఇంటి ముందు పచ్చిక మోకాలెత్తు పెరిగి తిట్టుకుంటున్నవాడు మాత్రం ఉండడు.

మా రోజుల్లో ప్రకటన వేయాలంటే ముందు మన సత్తా చూసుకునేవాళ్లం. నాకున్నది ఒక్క కోత మిషను, ఇద్దరు పనివాళ్లు. మిషను రిక్షాలో కట్టుకుని పోవాలి. రిక్షా ఎంత దూరం పోతే అంతవరకే మన వ్యాపారం. అలాంటప్పుడు పెద్ద పేపర్లో మెయిన్ ఎడిషన్‌కి కాలమ్ సెంటీమీటరు లెక్కన డబ్బు పోయడం దేనికి? 1989లో ఈనాడు జిల్లా పేపర్లు మొదలెట్టాక చిన్న వ్యాపారులకు కాస్త ఊపిరాడిన మాట నిజమే. కానీ మా గడ్డి పనికి జిల్లా కూడా ఎక్కువే. అప్పటి రంగారెడ్డి జిల్లా అంటే అటు తాండూరు, ఇటు ఇబ్రహీంపట్నం. తాండూరు ఆసామి పిలిస్తే మిషను నెత్తిన పెట్టుకుని పోతామా?

అందుకే కరపత్రం. వన్ బై ఎయిట్ డెమ్మీ సైజు, ఒక పక్కే అచ్చు. గడ్డివాడివి కదా అని ప్రెస్సు వాళ్లు ఆకుపచ్చ కాగితం అంటగట్టబోయేవాళ్లు. ఆ కాగితం మీద నల్ల సిరా ముసలి కళ్లకు ఆనదు. పసుపుదే కొట్టమనేవాణ్ణి. ఇంటి ముందు పచ్చిక వేయించుకునేంత ఓపిక, స్థలం ఉన్నది ఎక్కువగా రిటైరైనవాళ్లకేగా మరి. ట్రెడిల్ మిషన్ల కాలంలో ప్రూఫు చూడకుండా ప్రెస్సులోంచి కదిలితే అంతే సంగతులు. ఒకసారి 'పచ్చిక వేయబడును' అన్నది 'పిచ్చిక వేయబడును' అని కూర్చారు. సమయానికి కంటబడింది కాబట్టి సరిపోయింది. అడుగున ప్రెస్సు పేరు, ఊరు చిన్నక్షరాల్లో ఉండి తీరాల్సిందే, అప్పట్లో అమల్లో ఉన్న 1867 నాటి చట్టం అది. ఇప్పుడు ఫోన్లో ఊడిపడే ప్రకటనలు ఎవరివో ఆ బ్రహ్మదేవుడికే తెలియాలి.

రాసేది కూడా నాలుగు ముక్కలే. లాన్ వేస్తాం, కోస్తాం, తుంగ తీస్తాం, ఎర్రమట్టి, మాగిన ఎరువు తెచ్చిపోస్తాం. కింద నంబరు. సొంత ఫోను లేని రోజుల్లో పక్కింటి నంబరు వేసి, పక్కన 'పి.పి.' అని పెట్టేవాళ్లం. మా వాడు ఇప్పుడు 'అవుట్‌డోర్ లైఫ్‌స్టైల్ సొల్యూషన్స్' అంటున్నాడు. తుంగ తీస్తాడో లేదో అందులో ఎక్కడా లేదు.

ఎప్పుడు వేయాలన్నది ఇంకో విద్య. ఏప్రిల్, మే నెలల్లో తాగడానికే ట్యాంకర్లు తెప్పించుకునేవాళ్లకు లాన్ గురించి చెబితే కొడతారు. చేపమందు పంచే మృగశిర కార్తె అయ్యాక, నేల తడిశాక వచ్చే మొదటి ఆదివారం మాది. ఆషాఢం తగ్గింపులంటూ చీరల దుకాణాల కాగితాలు ముంచెత్తకముందే పడాలి. ఆ పొద్దు నాలుగింటికే ఏజెంటు దగ్గరికి పోయి, ఫుట్‌పాత్ మీద పిల్లలు పేపర్లలో కరపత్రాలు దోపుతుంటే పక్కనే నిలబడేవాణ్ణి. నిలబడకపోతే సగం కట్ట మిరపకాయ బజ్జీల బండికి చేరుతుంది. ఫలానా లైన్లకే వేయమని కూడా చెప్పుకోవాలి. ఇండిపెండెంట్ ఇళ్ల వీధులు మనవి, అపార్ట్‌మెంట్లు కావు.

సైనిక్‌పురి కథ వేరు. రిటైరైన మిలిటరీ అధికార్ల బంగళాలు, కొరియన్ గడ్డి కావాలని పేరు పెట్టి అడిగే మనుషులు. అక్కడ తెలుగు కరపత్రం చెల్లదు, ఇంగ్లీషులో కొట్టించి ఇంగ్లీషు పేపర్లో పెట్టించాలి. నేను ఆ జోలికి పోలేదు. రిక్షా అంత దూరం పోదు.

అన్నిటికంటే గట్టిది క్యాలెండరు. శివకాశి నుంచి తిథులు, రాహుకాలాలు వేసిన షీట్లు వచ్చేవి, అడుగున మన పేరు అచ్చేయించుకుంటే సరి. కాస్త ఖర్చే, అందుకే పాత ఖాతాదార్లకు మాత్రం ఇచ్చేవాణ్ణి. అది వంటింటి తలుపు వెనక ఏడాదంతా వేలాడేది. ఆ ఇంటావిడ పాలు రాని రోజుకు సున్నా చుట్టేది, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసేది. రాసిన ప్రతిసారీ మా నంబరు కళ్లబడేది. బొమ్మల్లో వేంకటేశ్వరస్వామి అయితే ఏడాది తిరిగినా పారేయరు.

ఇప్పుడేమో ఎవరో ఫోన్లో 'గార్డెనర్ కావాలి' అని వెతికితే ఆ ఒక్క నంబరునే అయిదుగురికి అమ్ముతున్నారట. ఆ అయిదుగురూ ఒకేసారి ఫోన్ చేస్తే ఆ పెద్దమనిషి విసుగెత్తి బాల్కనీలో ప్లాస్టిక్ గడ్డి పరిపిస్తాడు. అది కోయక్కర్లేదు, తడపక్కర్లేదు, మాతో పని లేదు. పేపరు వేయించుకునే ఇళ్లు తగ్గిన మాటా నిజమే. 2020లో కరోనా భయానికి మానేసినవాళ్లలో చాలామంది మళ్లీ వేయించుకోలేదు. కానీ పేపరు చదివేవాళ్లు, పెరడు ఉన్నవాళ్లు చాలావరకు ఒకరే. మా వాడికి తలకెక్కనిది ఇదే.

చివరికి కరపత్రం మీద క్యూఆర్ కోడు కూడా వేద్దామన్నాడు. సరే, మూలకి వేసుకో, నంబరు మాత్రం బొద్దు అక్షరాల్లో ఉండాలన్నాను. వనస్థలిపురం వైపు ఉన్నవారికి నా మనవి ఒకటే. ఈ జూన్‌లో మీ ఆదివారం పేపర్లోంచి పసుపు కాగితం జారిపడితే చెత్తబుట్టలో వేయకండి, వంటింట్లో క్యాలెండరు మేకుకి గుచ్చండి. తుంగ ఎలాగూ మొలుస్తుంది.